హుద్‌హుద్ నాటికి కడుపులో ఉన్న పాప

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నాకు ఐదో నెల. అప్పుడు విశాఖలో, లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. మావారు డ్యూటీకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. బాల్కనీ తలుపు అద్దం పగిలిపోతే నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని నాలుగ్గంటలు కూర్చున్నాను. ఆ తర్వాత ఆరు రోజులు కరెంటు లేదు, నీళ్ళు కింద నుంచి మోసుకున్నాం. ఫిబ్రవరిలో పాప పుట్టింది. ఇప్పుడు ఐదో తరగతి, చదువు బాగానే ఉంది. కానీ గాలి మొదలైతే చాలు కడుపునొప్పి అంటుంది. నేను కిటికీల కింద తువ్వాళ్ళు కుక్కుతూ, బకెట్లు నింపుతూ ఉంటే టార్చి పట్టుకుని నా వెనకే తిరుగుతుంది. మా అమ్మకి పాతికేళ్ళుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. మాత్రలు వాడుతోంది, విజయనగరంలో తమ్ముడి దగ్గర ఉంటుంది. పాపకి మాత్రం అమ్మమ్మకి షుగర్ అని చెప్పాం. గర్భంతో ఉండగా తల్లి టెన్షన్ పడితే పిల్లల జీన్స్ మారిపోతాయని, దాన్నే ఎపిజెనెటిక్స్ అంటారని యూట్యూబ్‌లో చూశాను. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. అత్తగారేమో "ఆ రక్తం ఎక్కడికెల్తాది" అంటారు. నా భయమే పాప మెదడుని పాడుచేసిందా? అమ్మ జబ్బు పాపకి వస్తుందా? ఒక ల్యాబ్ వాళ్ళు ఎపిజెనెటిక్ టెస్టుకి పద్దెనిమిది వేలు అంటున్నారు, చేయించమంటారా? ఇంకొక్క మాట. ఈ దసరాకి అమ్మని ఇంటికి తీసుకురావాలని ఉంది. తేవచ్చా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: అమ్మా, టెస్టు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న పని. వద్దు. రక్తమో లాలాజలమో తీసి "మీ పాపకి మానసిక జబ్బు వచ్చే ముప్పు ఇంత" అని చెప్పగలిగే ఎపిజెనెటిక్ పరీక్ష ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. జన్యువుల మీద ఆ పరీక్ష వెతికే గుర్తులు ఒక్కో అవయవంలో ఒక్కోలా ఉంటాయి. బుగ్గ లోపల దూదితో తుడిచి మెదడు సంగతి చెబుతామనడం, వరండాలో నిలబడి వంటింట్లో ఏం ఉడుకుతోందో చెబుతామనడం లాంటిదే. ఆ డబ్బుతో ముగ్గురూ అరకు రైలెక్కి వెళ్ళి రండి. మిగిలినదాంతో పాపకి సైకిలు కొనండి.

మిగతావాటికి తీరిగ్గా చెప్పాలి. ఎందుకంటే మీరు చూసిన వీడియో పూర్తిగా అబద్ధం కాదు. పూర్తి అబద్ధమైతే నా పని సులువైపోయేది.

ఆ రోజు, అక్టోబరు 12 ఆదివారం, నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను, ఎంవీపీ కాలనీలో. గంటకి 180 కిలోమీటర్ల గాలి అంటే అంతకుముందు నాకు ఒక అంకె మాత్రమే. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. పక్కింటాయన లుంగీ సర్దుకుంటూ గేటు దగ్గరికొచ్చి "అయిపోయిందండీ" అన్నాడు. అయిపోలేదు, అది తుపాను కన్ను. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి తిరిగి కొట్టింది. పొద్దుటి గాలికి తట్టుకుని నిలబడ్డ మా వేపచెట్టు అప్పుడు స్కూటరు మీద పడింది. అందుకని మీ ఉత్తరంలో బాత్రూం దగ్గర కొంచెం ఆగాను. మీరు దాన్ని భయం అని రాశారు. కడుపుతో ఉన్న మనిషి అద్దాలు పగిలే గది వదిలేసి, కిటికీ అద్దాలు లేని గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడాన్ని నేను బుర్ర పనిచేయడం అంటాను.

ఇక ఎపిజెనెటిక్స్. ఈ మాటని 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. ఒకే కణం నుంచి మొదలైన శరీరంలో కొన్ని కణాలు కాలేయంగా, కొన్ని మెదడుగా ఎలా తయారవుతున్నాయన్నది ఆయన ప్రశ్న. రెండింట్లోనూ ఉన్న జన్యువులు అవే. ఏ జన్యువు ఎంత పనిచేస్తోందన్న దగ్గరే తేడా. మీ ఇంట్లో ఫ్యాను, దాని రెగ్యులేటరు అనుకోండి. డీఎన్ఏ పోగు మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న ముక్క అతుక్కుంటుంది. ఎంత చిన్నదంటే ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు, అంతే. జన్యువు మొదట్లో అది అతుక్కుంటే సాధారణంగా ఆ జన్యువు పని నెమ్మదిస్తుంది. ఐదు మీద తిరిగే ఫ్యాను రెండు మీద తిరుగుతుంది. ఫ్యాను అదే. "జీన్స్ మారిపోతాయి" అన్న మాట తప్పింది ఇక్కడే. పైగా ఇదేదో జబ్బు కూడా కాదు. కడుపులో బిడ్డ మెదడు కట్టుకోవడమే ఈ రెగ్యులేటర్లు తిప్పుకుంటూ జరుగుతుంది. ముక్కలు అతికించే ఎంజైములూ, ఊడదీసే ఎంజైములూ మనలో ఎప్పుడూ పనిమీదే ఉంటాయి.

ఒత్తిడికీ దీనికీ సంబంధం ఎక్కడంటే, భయం వేసినప్పుడు మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. పిట్యూటరీ నుంచి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి కబురు వెళ్తుంది. అవి కార్టిజాల్ వదులుతాయి. కార్టిజాల్ శత్రువేమీ కాదు, పొద్దున్నే మనల్ని మంచం మీంచి లేపేదాంట్లో దానికీ వాటా ఉంది. కానీ పని అయిపోయాక తగ్గాలి. ఇస్త్రీ పెట్టె సరిపడా వేడెక్కగానే దాని ఎర్ర లైటు ఆరిపోతుంది చూడండి, అలాంటి ఏర్పాటే ఇక్కడా ఉంది. మెదడులో హిప్పోకాంపస్ అనే చోట కార్టిజాల్‌ని పట్టుకునే గ్రాహకాలుంటాయి. అవి పట్టుకుని "చాలు, ఆపండి" అని పైకి చెబుతాయి. ఆ గ్రాహకాలు తక్కువుంటే లైటు ఆలస్యంగా ఆరుతుంది. ఒకటి రెండు సార్లయితే ఏమీ కాదు. ఎదిగే వయసులో ఏళ్ళ తరబడి అలాగే కాలుతుంటే చొక్కాకి మరక పడుతుంది.

ఈ లైటు సంగతి పట్టుకున్నది కెనడాలో, మాంట్రియాల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు. మైఖేల్ మీనీ, మోషే స్జిఫ్‌ల బృందం పని 2004లో అచ్చయింది. తల్లి ఎలుకలు పిల్లల్ని నాకుతూ ఉంటాయి. కొన్ని వదలకుండా నాకుతాయి, కొన్ని అంటీముట్టనట్టుంటాయి. తక్కువ నాకించుకున్న పిల్లల హిప్పోకాంపస్‌లో, సరిగ్గా ఆ గ్రాహకపు జన్యువు మొదట్లో మిథైల్ ముక్కలు ఎక్కువగా కనిపించాయి. అవి పెద్దయ్యాక చిన్నదానికీ బెదిరేవి. తల్లి పోలిక వచ్చిందేమో అని మనకి అనుమానం రావాలి. వాళ్ళకీ వచ్చింది. అందుకని పిల్లల్ని మార్చేశారు. నాకని తల్లి కన్నవాటిని నాకే తల్లి పక్కన పడుకోబెట్టారు. అవి తమని పెంచిన తల్లి పిల్లల్లాగే ఎదిగాయి. ఆ తేడా అంతా ఖాయమయ్యేది పుట్టిన మొదటి వారంలోనే.

మీ వీడియో బహుశా ఇక్కడిదాకా చెప్పి, బ్యాక్‌గ్రౌండులో వీణ వాయించి ఆపేసి ఉంటుంది. అదే పరిశోధనలో ఇంకో సగం ఉంది. ఎదిగిపోయిన ఎలుకల మెదడులోకి ఒక రసాయనం ఎక్కించి చూస్తే ఆ ముక్కలు తగ్గాయి, గ్రాహకాలు పెరిగాయి, బెదురు తగ్గింది. అది మనుషులకిచ్చే మందు కాదు, కాబట్టి దాని పేరు వెతకొద్దు. ఎదిగిపోయాక కూడా రెగ్యులేటరు తిరుగుతుందన్నది మాత్రం మీకు తెలిసి ఉండాలి.

మనుషుల విషయానికొస్తే, అదే ఊరి శాస్త్రవేత్తలు 2009లో చనిపోయినవాళ్ళ మెదడు ముక్కలు పరీక్షించారు. చిన్నప్పుడు హింసకి గురై తర్వాత ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 12 మంది, హింస లేకుండా ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 12 మంది, వేరే కారణాలతో పోయినవాళ్ళు 12 మంది. మొదటి జట్టులోనే ఆ గ్రాహకపు జన్యువు మీద ముక్కలు ఎక్కువగా ఉన్నాయి. ఇది చదివి మీ గుండె ఆగక్కర్లేదు. హింస అంటే ఇక్కడ చిన్నతనంలో తీవ్రమైన దెబ్బలు, లైంగిక హింస, పట్టించుకోకుండా వదిలేయడం.  నాలుగ్గంటల గాలిని దాని పక్కన పెట్టి చూడలేం. మనకి బెంగ, దిగులు, కంగారు, ఆరాటం, గుబులు, హడలు అని ఇన్ని మాటలున్నాయి. అన్నిటినీ తీసుకెళ్ళి టెన్షన్ అనే ఒక్క సంచిలో పోసేశాం. పరీక్ష ముందు రోజుదీ టెన్షనే, రోజూ తాగొచ్చి కొట్టే తండ్రి ఇంట్లోదీ టెన్షనే. వీడియోలు బతికేది ఈ కలగాపులగం మీదే.

మీకు నిజంగా దగ్గరగా ఉన్న ఉదాహరణ వేరే ఉంది, అదీ మాంట్రియాల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలోదే. 1998 జనవరిలో అక్కడ మంచువాన కురిసింది. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకట్టి, ఆ బరువుకి కరెంటు టవర్లు వరసపెట్టి కూలిపోయాయి. దాదాపు 30 లక్షల మందికి కరెంటు పోయింది. కొందరికి నెల దాటినా రాలేదు. మనం హుద్‌హుద్ తర్వాత ఉక్కపోతకి మేడ మీద పడుకున్నాం, వాళ్ళది గడ్డకట్టే చలి. అప్పుడు గర్భంతో ఉన్న, ఆ తర్వాత మూడు నెలల్లోపు గర్భం దాల్చిన ఆడవాళ్ళని సుజాన్ కింగ్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకుని రెండు రకాల ప్రశ్నలు అడిగారు. ఎన్ని రోజులు కరెంటు లేదు, ఇల్లు వదలాల్సి వచ్చిందా, ఎంత నష్టపోయారు, ఇవి ఒక రకం. మీరెంత హడలిపోయారు, కలల్లో వస్తోందా, ఇవి రెండో రకం. ఆ పిల్లలకి 13 ఏళ్ళు వచ్చాక 36 మంది రక్తం తీసి చూశారు. మిథైల్ గుర్తుల్లో తేడాలు కనిపించాయి. అవి మొదటి రకం జవాబులతో, అంటే పడ్డ ఇబ్బందితో ముడిపడ్డాయి. తల్లి హడలిపోయినదానికీ వాటికీ పొత్తు కుదరలేదు. మళ్ళీ ఒకసారి లెక్క చూసినప్పుడు, జరిగినదాన్ని తల్లి మొత్తమ్మీద చెడుగా బేరీజు వేసుకుందా అన్నదానికి కొంత సంబంధం తేలింది. దాచడం ఎందుకు, అదీ రాస్తున్నాను. ఆ గుర్తులు ఎక్కువగా కనిపించినవి రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువుల మీద, అదీ రక్తకణాల్లో. ఆ గుర్తుల్ని మెదడు కణాల్లో ఎవరూ చూడలేదు. చిన్న వయసులో ఆ పిల్లల మాటల్లో, తెలివితేటల కొలతల్లో సగటున కొంత వెనకబాటు కనిపించింది. సగటు అన్న మాట కింద గీత గీయండి. చదువు బాగానే ఉందని మీరు రాసిన మీ పాప సగటు కాదు, ఒక మనిషి.

కాబట్టి "నా భయమే పాడుచేసిందా" అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. కరెంటు లేని ఆరు రోజులూ ఏదో చిన్న గుర్తు వదిలి ఉండొచ్చు, వదలకపోనూ వచ్చు. గుర్తు వేరు, జబ్బు వేరు. మీ భయం మీద నేరం మోపడానికి మాత్రం సాక్ష్యం చాలదు. ఇంకోటి. బిడ్డకీ మీకూ మధ్య మాయ ఉంది. పేరు మాయే గానీ దాని పని చాలా నికరమైనది. అందులో ఒక ఎంజైము తల్లి కార్టిజాల్‌ని పట్టి చాలా మటుకు పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. మీరు బాత్రూంలో వణుకుతున్నప్పుడు పాపకి చేరింది మీ కార్టిజాల్‌లో కొంత భాగమే.

ఇప్పుడు మీ అమ్మగారి జబ్బు, మీ అత్తగారి మాట. స్కిజోఫ్రీనియాలో వంశపారంపర్యం పాత్ర పెద్దదే, కాదనను. కానీ లెక్క చూడండి. మామూలు జనంలో జీవితకాలంలో నూటికి ఒకరికి, కొన్ని లెక్కల్లో అంతకంటే తక్కువమందికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే నూటికి పదిమంది చుట్టుపక్కల. మనవలకొచ్చేసరికి నాలుగైదు. అంటే మీ పాప లాంటి వందమంది మనవరాళ్ళని నిలబెడితే తొంభై అయిదు మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చేది సగం కంటే తక్కువసార్లే. ఇక మీ విషయం. సాధారణంగా ఈ జబ్బు మొదలయ్యే వయసు మీరు ఎప్పుడో దాటేశారు, మీకు రాలేదు. "ఆ రక్తం ఎక్కడికెల్తాది" అంటే, చాలాసార్లు ఎక్కడికీ వెళ్ళదండీ అని ఆవిడకి నా మాటగా చెప్పండి.

ఒత్తిడి వల్ల "ముప్పు రెట్టింపు" అని ఎక్కడైనా చదివితే, దేనికి రెట్టింపు అని అడగండి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో నగరాలకి తిండి అందక జనం తులిప్ దుంపలు తిన్నారు. ఆ కరవు ముమ్మరంగా ఉన్నప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో స్కిజోఫ్రీనియా రెట్టింపైంది. అరవై ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళలో ఒక ఎదుగుదల జన్యువు మీద మిథైల్ గుర్తులు సొంత తోబుట్టువులకంటే తక్కువగా ఉన్నాయి. ఈ రంగంలో ఇంత గట్టి సాక్ష్యాలు తక్కువ. అయినా రెట్టింపు అంటే నూటికి ఒకరున్నచోట ఇద్దరు. అదీ నెలల తరబడి ఆకలికి.

అమ్మమ్మ దుఃఖం అండంలోంచి మనవరాలికి దిగుతుందని కూడా ఇప్పుడొక కథ తిరుగుతోంది. మీ పాపగా మారిన అండం, మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే మీలో తయారైన మాట నిజం. వినడానికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది కూడా. కానీ అండం, శుక్రకణం తయారయ్యే దారిలో ఒకసారి, అవి కలిశాక మరోసారి, ఈ మిథైల్ ముక్కల్లో చాలా మటుకు పలక తుడిచినట్టు తుడుచుకుపోతాయి. నాజీల మారణకాండ నుంచి బయటపడ్డవాళ్ళ మీద, వాళ్ళ పిల్లల మీద 2016లో వచ్చిన పరిశోధన ఊరూరా మారుమోగింది. అందులో ఉన్నది 32 మంది పెద్దలు, వాళ్ళ పిల్లలు 22 మంది. అంత చిన్న గుంపుని చూసి ఎవరి నుదుటిరాతా చెప్పలేం.

మరి పాప కడుపునొప్పి ఎక్కడిది? దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు చూసుకోలేదు. గాలి మొదలవుతుంది. అమ్మ తువ్వాళ్ళు తెస్తుంది. కిటికీ కింద ఒకటి, తలుపు కింద ఒకటి. కుళాయి తిప్పిన చప్పుడు, బకెట్టు నిండుతున్న చప్పుడు. అమ్మ మాట్లాడటం తగ్గిస్తుంది. పదేళ్ళుగా ఆ పిల్ల గాలి వీచిన ప్రతిసారీ చూస్తున్నది ఇదీ. ఆకాశంలో ఏముందో పిల్లలు మన మొహంలో చదువుకుంటారు. ఇది నింద అనుకోవద్దు. నాలుగో అంతస్తులో అద్దం మీద పడినంత పని అయినవాళ్ళు తువ్వాళ్ళు కుక్కక ఏం చేస్తారు? కానీ ఇందులో నాకు చాలా ఆశ కనిపిస్తోంది. డీఎన్ఏ మీది మిథైల్ ముక్క మీ చేతికి అందదు, కిటికీ కింద తువ్వాలు అందుతుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం బెదురు పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. ఒక జట్టులో పిల్లలకే నేరుగా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం, చేశారు. ఇంకో జట్టులో పిల్లల్ని అసలు పిలవలేదు, తల్లిదండ్రులకే నేర్పారు. రెండోది మొదటిదానికి తీసిపోలేదు. అందులో నేర్పింది ప్రధానంగా ఒకటే. పిల్ల భయానికి వంతపాడటం కొంచెం కొంచెంగా తగ్గించడం, పిల్ల మీద నమ్మకం మాటల్లో చెప్పడం.

మన ఊరికి దాన్ని ఇలా మార్చుకోండి. వాతావరణ శాఖ మాటలకి మెట్లున్నాయి. ముందు అల్పపీడనం, తర్వాత వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ పైన తుపాను, తీవ్ర తుపాను, ఇంకా పైకి. హుద్‌హుద్ ఆ పైమెట్ల మీదది. మీ ఇంట్లో మాత్రం అన్నిటికీ ఒకటే తువ్వాలు. పాపని కూర్చోబెట్టి ఈ మెట్లు ఒక అట్ట మీద రాయించండి, పక్కన ఏ మెట్టుకి ఏం చేస్తామో కూడా. అల్పపీడనానికి ఏమీ చేయం, పకోడీలు వేసుకుంటాం. వాయుగుండానికి కిటికీ మూస్తాం, తువ్వాళ్ళు పెట్టం. తుపాను హెచ్చరిక వస్తే ముగ్గురం కలిసి అన్నీ చేస్తాం, టార్చి డ్యూటీ నీదే. అట్ట ఫ్రిజ్ మీద అంటించండి. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఏమంటోందో పొద్దున ఒకసారి పాపే చదివి చెప్పాలి. ఆ తర్వాత రోజంతా ఫోనులో వాతావరణం చూడకూడదు, ముఖ్యంగా మీరు.

కడుపునొప్పి నటన కాదు, భయానికి పేగులు మెలిపెట్టడం నిజంగా జరుగుతుంది. ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి ఇంకేమీ లేదని తేల్చుకోండి. తర్వాత నొప్పి అన్నప్పుడు "ఏం లేదులే, గాలే లేదు" అనకండి. గాలి ఉందని దానికి తెలుసు. "భయంగా ఉందని తెలుస్తోంది. నువ్వు తట్టుకోగలవు" అనండి, అని మీ పని మీరు చూసుకోండి. ఈ రెండు వాక్యాలు చెప్పి ఊరుకోవడం ఎంత కష్టమో మొదటిసారి మీకే తెలుస్తుంది. మధ్యలో గాలితో స్నేహం కలపండి. తెన్నేటి పార్కు దగ్గర సాయంత్రం సముద్రపు గాలికి గాలిపటం ఎగరేయించండి. జుట్టు మొహం మీద పడి, దారం లాగుతుంటే నవ్వొస్తుంది. మెదడు ఆ గాలినే ఇంకో పేరుతో దాచుకోవడం మొదలుపెడుతుంది. రెండు మూడు నెలల్లో మార్పు లేకపోయినా, బడి మానేసేంత వచ్చినా పిల్లల మానసిక వైద్యుల్ని కలవండి.

పదేళ్ళకి స్కిజోఫ్రీనియా కోసం పాపని రోజూ పరికించి చూడొద్దు, చూసే చూపే దానికి భారం. ఆ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది పదహారు పదిహేడు నుంచి ముప్ఫై లోపు. నుదురు వెనక మెదడు భాగం పూర్తిగా పక్వానికొచ్చేదీ ఆ మధ్యలోనే, పాతికేళ్ళ దగ్గర. అప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి స్నేహితుల్ని వదిలేయడం, రాత్రీ పగలూ తారుమారవడం, ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనడం. తొందరగా వైద్యం మొదలైతే ఫలితం బాగుంటుంది. నివారణలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది గంజాయి గురించి. టీనేజీలో మొదలుపెట్టి తరచూ తాగేవాళ్ళకి, అందులోనూ ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ళకి, సైకోసిస్, అంటే లేని గొంతులు వినపడటం, లేనివి నమ్మడం లాంటి స్థితి, వచ్చే ముప్పు పెరుగుతుంది. ఏజెన్సీ నుంచి ఆ సరుకు ఎక్కడెక్కడికి చేరుతోందో విశాఖ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎపిజెనెటిక్స్ గురించి నిద్ర మానుకునే తల్లులు దీని గురించి పిల్లలతో ఒక్క మాట మాట్లాడరు. నాకు అదే ఆశ్చర్యం.

మీ నిద్ర గురించి మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు. పదకొండేళ్ళ తర్వాత కూడా గాలి వినగానే చేతులు తువ్వాళ్ళ వైపు వెళ్తున్నాయంటే హుద్‌హుద్ మీకింకా పూర్తిగా వెళ్ళలేదని నా అనుమానం. దానికి వైద్యం ఉంది, అది పాప వైద్యంలో మొదటి సగం కూడా. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కింగ్ జార్జి ఆసుపత్రిలో (కేజీహెచ్) సైకియాట్రీ విభాగం ఉంది. మొదటి అడుగుగా టెలిమానస్‌కి, 14416 నంబరుకి ఫోను చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ అది, డబ్బు అక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.

ఇక దసరా. తీసుకురండి. పాతికేళ్ళుగా మాత్రల మీద నిలకడగా ఉన్న మనిషి కూతురింటికి పండక్కి రాకూడదని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. కానీ ఆవిడ రాకముందే పాపకి నిజం చెప్పాలి. షుగర్ అని చెప్పిన ఇంట్లో, అమ్మమ్మ లడ్డూ తింటే ఎవరూ ఆపరేమిటా అని ఐదో తరగతి పిల్ల ఈపాటికే ఆలోచించి ఉంటుంది. "అమ్మమ్మకి మెదడులో ఒక జబ్బుంది. అప్పుడప్పుడు లేని గొంతులు వినిపించేవి. మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది. అంటుకునేది కాదు, ఎవరి తప్పూ కాదు." ఇంత చాలు. "నాకూ వస్తుందా?" అని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. పైన రాసిన వందమంది మనవరాళ్ళ లెక్క దానికి చెప్పండి.

విజయనగరం నుంచి పొద్దుటి బస్సులో తీసుకొస్తే ఎండెక్కక ముందే ఇల్లు చేరతారు. మాత్రలు నాలుగు రోజులకి సరిపడా కాదు, వారానికి సరిపడా పెట్టమని మీ తమ్ముడికి చెప్పండి, చీటీ కూడా. రాత్రి మాత్ర అక్కడ ఏ వేళకో ఇక్కడా అదే వేళకి. పండగ రద్దీలో ఆవిడ కాసేపు తలుపేసుకుని పడుకోవడానికి ఒక గది వదలండి. అక్టోబరు కదా, ఆ నాలుగు రోజుల్లో అల్పపీడనం ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫ్రిజ్ మీద అట్ట చూసి ఏం చేయాలో అమ్మమ్మకి పాపనే చెప్పమనండి.